నోటిమాట తెలుగు, చేతిరాత తమిళం

కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల పాత తెలుగు ఊళ్లలో ఒకే వీధిన పెరిగిన ఇద్దరు స్నేహితులు వేర్వేరు బడుల పాలయ్యే మలుపులు మూడు. మొదటిది ఐదో తరగతి దాటాక వస్తుంది. ఊళ్లో ఉన్న పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాల అక్కడితో సరి. రెండోది ఎనిమిది దాటాక. మిడిల్ స్కూలుకు అదే చివరి తరగతి కాబట్టి తొమ్మిదికి హైస్కూలున్న ఊరికి పోవాలి. మూడోది పది తర్వాత. 1978లో తమిళనాడు పీయూసీని ఎత్తేసి ప్లస్ వన్, ప్లస్ టూ తరగతులను బడిలోనే పెట్టింది. అప్పటి నుంచి పదహారేళ్ల పిల్లలున్న ఇంట్లో వేసవంతా వినిపించే మాట ఒక్కటే: గ్రూపు. ఒకరికి మ్యాథ్స్, సైన్సు ఉన్న ఫస్ట్ గ్రూపు దొరుకుతుంది. ఇంకొకరికి కామర్స్ కావాలి, అది ఆ బడిలో ఉండదు. జూన్ వచ్చేసరికి ఒకే స్టాపులో నిలబడి ఇద్దరూ ఎదురెదురు దిక్కుల బస్సులెక్కుతారు.

ఈ మలుపులు తమిళ పిల్లలకూ ఉన్నవే. తెలుగు ఇళ్ల పిల్లలకు వీటి మీద ఇంకో చిక్కుంది. వాళ్లు మాట్లాడే ఇంటి భాష ఒకటి, రాయగలిగిన భాష మరొకటి. రోజూ ఎదురుపడుతున్నంత కాలం అది చిక్కే కాదు. బడులు వేరైన రోజున స్నేహం నోటి నుంచి చేతికి మారాలి. చీటీయో, ఉత్తరమో, ఫోన్లో నాలుగు ముక్కలో రాయాలి. ఆ రాతలో భాష కూడా మారిపోతుంది. దూరమైన స్నేహితులిద్దరికీ ఆ దూరాన్ని పూడ్చుకునే సాధనం తమ ఇంటి భాష కాకపోవడమే ఇక్కడి స్నేహాల ప్రత్యేకత.

వడుగుల వీధులు

తమిళంలో వీళ్లకు వడుగర్ అని పాత పేరు. వడక్కు అంటే ఉత్తరం, ఆ దిక్కు నుంచి వచ్చినవాళ్లని అర్థం. 14వ శతాబ్దం రెండో సగంలో విజయనగర యువరాజు కుమార కంపన మదురై సుల్తానుల మీద దండెత్తి గెలిచాడు. ఆయన రాణి గంగాదేవి ఆ విజయాన్ని సంస్కృత కావ్యం చేసింది. తర్వాత 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైకి పాలకుడుగా వచ్చాడు. ఆయనా, ఆయన దళవాయి అరియనాథ మొదలియారూ కలిసి నాటిన 72 పాళెయాల ఏర్పాటుతో తెలుగు కుటుంబాలు దక్షిణాన ఊరూరా స్థిరపడ్డాయి. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. 1636లో కట్టించిన ఆయన మహలు ఇప్పటికీ మదురైకి వచ్చిన ప్రతి బడి విహారయాత్రలో ఒక మజిలీ. తెలుగు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగం అని పిలిచే కాలం తంజావూరుతో పాటు ఈ మదురైది కూడా. పద్యమే రాజ్యమేలుతున్న రోజుల్లో సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు మదురై నాయకుల కొలువులో ఉండే జైమినీ భారతాన్ని వచనంగా రాశాడు.

నాయకుల రాజ్యం పోయింది, ఊళ్లు మిగిలాయి. మదురై, దిండుక్కల్, తేని, విరుదునగర్ వైపు రాజకంబళ నాయకులు, నాయుళ్లు, రెడ్లు కనిపిస్తారు. కోయంబత్తూరు వైపు కమ్మనాయుళ్లు, బలిజలు, అరుంధతీయులు ఎక్కువ. దేవాంగుల్లో కొందరి ఇంట కన్నడం, కొందరి ఇంట తెలుగు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దాదాపు 42 లక్షలు, అంటే నూటికి ఆరుగురికి కాస్త తక్కువ.

కోయంబత్తూరులో ఈ కుటుంబాల చరిత్ర పత్తి చేలలోంచి మిల్లుల్లోకి నడిచింది. 1888లో రాబర్ట్ స్టేన్స్ మొదటి మిల్లు పెట్టాడు. 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్స్ వచ్చింది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు పాళ్లు చేసి, ఐదో పాలును ధర్మానికి రాసి, 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థను నిలబెట్టారు. సర్వజన హైస్కూలు మొదలు ఇంజినీరింగ్ కాలేజీ దాకా దాని నీడలో ఉన్నాయి. 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుది మరో దారి. బడి అంటే ఆయనకు సరిపడలేదు, చదువు మూడో తరగతి దాటలేదని చెబుతారు. అలాంటి మనిషి 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడిపి, దాన్ని పెద్ద రవాణా సంస్థగా పెంచాడు. బడికి పోనని మొరాయించిన మనిషి ఊళ్ల మధ్య బస్సులు వేశాడు, అలాంటి బస్సుల వల్లే తర్వాతి తరాల పిల్లలకు పక్క ఊరి బడి అందుబాటులోకి వచ్చింది.

ఇంత కట్టినా ఈ బడుల్లో నడిచిన భాషలు తమిళం, ఇంగ్లీషే. తెలుగు మాధ్యమం బడులు హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి లాంటి సరిహద్దు ప్రాంతాల్లోనూ, చెన్నైలోనూ ఉండేవి, ఉన్నాయి. పీళమేడు పిల్లలకు, మదురై పక్క తిరుమంగళం పిల్లలకు అవి పేరుకు కూడా తెలియవు. 2006లో వచ్చిన తమిళ నిర్బంధ బోధన చట్టం ప్రకారం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోయి, 2015-16 నాటికి పదో తరగతిలో అందరికీ తమిళం తప్పనిసరి అయింది. సరిహద్దు జిల్లాల భాషా మైనారిటీ పిల్లలు మినహాయింపు కోసం కోర్టుకెక్కారు. కోయంబత్తూరు, మదురై పిల్లలకు ఆ గొడవే లేదు, పోగొట్టుకోవడానికి బడిలో తెలుగు ఉంటే కదా.

ఇడైసెవల్ మిత్రులు

ఈ సీమలో బడి విడదీసిన స్నేహాల్లో అందరికీ తెలిసినది ఒకటుంది. మదురైకి దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కోవిల్పట్టి, దాని దగ్గర ఇడైసెవల్ అనే పల్లె. నల్లరేగడి నేల, తమిళంలో కరిసల్. ఆ పల్లెలో ఇద్దరు కుర్రాళ్లు కలిసి పెరిగారు. ఒకరు కి. రాజనారాయణన్, అందరూ కి.రా. అనేవారు. వ్యవసాయం చేసే తెలుగు నాయకర్ల ఇల్లు. రెండోవారు కు. అళగిరిసామి, కంసాలుల ఇల్లు, అక్కడా తెలుగే. ఇద్దరి పుట్టినరోజులూ సెప్టెంబరులోనే, ఒకటి 16, ఒకటి 23. ఇద్దరూ తర్వాత తమిళ కథకు పెద్ద పేర్లయ్యారు, ఇద్దరికీ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒకే పల్లె నుంచి, ఒకే ఈడు పిల్లలిద్దరికి ఆ అవార్డు రావడం తమిళంలో అపురూపం. ఆ ఇద్దరూ తెలుగువాళ్లు కావడం తెలుగునాట చాలామందికి తెలియదు.

బడి దగ్గర వాళ్ల దారులు చీలాయి. కి.రా. చిన్నప్పటి నుంచీ బక్కప్రాణి, చదువు ఎనిమిదో తరగతి దాటలేదు. వానకు తలదాచుకోవడానికి బడి పంచన నిలబడ్డానని, అక్కడా పాఠం వినకుండా వాననే చూస్తూ గడిపానని ముసలితనంలో తన మీద తానే నవ్వుకునేవారు. అళగిరిసామి ఎస్సెల్సీ దాకా చదివారు. ఒకరు హైస్కూల్లో, ఒకరు పొలం గట్టున. ఇప్పటి పిల్లలైతే ఇక్కడే స్నేహం సన్నబడిందని చెప్పుకుంటారు. వాళ్ల విషయంలో అలా జరగలేదు. కారణం ఒకటి కాదు.

సంగీతం మొదటి కారణం. ఇద్దరికీ కర్ణాటక సంగీతమంటే పిచ్చి. కి.రా. విళాత్తికుళం స్వామి దగ్గర కొంతకాలం నేర్చుకున్నారు. నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం కోవిల్పట్టిలోనే కాపురమున్నాడు. ఈ పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకూ త్యాగరాజ కీర్తనల తెలుగుకూ చుట్టరికం ఉంది. బడి నేర్పని భాష కచేరీలో వినిపించేది. రెండోది పుస్తకాలు. హైస్కూలు పిల్లవాడు చదివింది పొలం పిల్లవాడికి అందేది, పొలం పిల్లవాడు విన్న ఊరి కథ హైస్కూలు పిల్లవాడికి చేరేది. ఎవరి దగ్గర లేనిది వాళ్లకు ఎదుటివాడి దగ్గర దొరుకుతుంది. చదువులు వేరు కావడం వల్లనే ఇచ్చిపుచ్చుకోవడానికి సరుకుండేది అనుకోవచ్చు.

ఎస్సెల్సీ అయ్యాక అళగిరిసామి కొన్నాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా ఉండి మద్రాసు పత్రికలకు వెళ్లిపోయారు. 1953 నుంచి 1957 దాకా మలయాలో తమిళ్ నేసన్ పత్రికలో పనిచేశారు. కి.రా. ఊళ్లోనే ఉండి సేద్యం చేశారు, కమ్యూనిస్టు రైతు ఉద్యమంలో తిరిగారు. మధ్యలో నడిచింది ఉత్తరాలు. అళగిరిసామి తన మిత్రుడికి రాసినవి తర్వాత పుస్తకంగా అచ్చయ్యాయి. అవన్నీ తమిళంలో ఉన్నాయి. ఇద్దరూ తెలుగింటి పిల్లలే అయినా, కలం పట్టగానే ఇంటి భాష పక్కకు తప్పుకోవాల్సిందే. ఇద్దరిలో ఎవరికీ తెలుగు అక్షరాలు బడి నేర్పలేదు.

కి.రా. కథలు 1950ల చివర గాని పత్రికల్లో రాలేదు. అప్పటికే అళగిరిసామి పేరున్న రచయిత. ముందు నడిచిన స్నేహితుడి వెనక, ఆలస్యంగా, తనదైన నడకతో కి.రా. వచ్చారు. ఆయన చేసింది ఒక విచిత్రమైన పని. పండితులు పక్కన పెట్టిన కరిసల్ నేల వాడుక మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టారు, ఆ మాటలకు నిఘంటువే కూర్చారు. ఆయన వ్యాసాల సంపుటి పేరు 'కరిసల్ కాట్టు కడుదాసి', అంటే రేగడి నేల నుంచి ఉత్తరం. నోటి భాషకూ చేతి భాషకూ మధ్య గోడను తమిళంలో ఆయన పడగొట్టారు. తన ఇంట్లో నోటి భాషగానే మిగిలిన తెలుగుకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలో తెలుగు నేల వదిలి పారిపోయి వచ్చి అడవి నరికి ఊరు కట్టుకున్న కుటుంబాల కథ చెప్పారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో అవార్డు తెచ్చింది. తెలుగువాళ్ల వలసల మీద వచ్చిన మంచి నవలల్లో ముందు చెప్పుకోవలసినవి తమిళంలో ఉన్నాయి.

అళగిరిసామి 1970 జూలై 5న పోయారు, నలభై ఏడేళ్లు నిండలేదు. ఆ ఏడాది అకాడమీ అవార్డు 'అన్బళిప్పు' కథల సంపుటికి, ఆయన పోయాక వచ్చింది. ఆ పేరుగల కథలో ఒక రచయిత తన ఇంటికి వచ్చే పిల్లల్లో ఇద్దరికి కొత్త సంవత్సరం డైరీలు ఇస్తాడు. సారంగన్ అనే పిల్లవాడికి ఇవ్వడు. ఆ పిల్లవాడు అడగడు, అలగడు. ఒకరోజు ఆయన్ని తన ఇంటికి పిలుచుకుపోయి, తానే కొన్న డైరీ ఒకటి తీసి, ప్రియమైన సారంగనుకు బహుమతి అని రాసిమ్మంటాడు. పిల్లల మధ్య ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్న కొలత ఎంత సూక్ష్మంగా నడుస్తుందో తమిళంలోనే కాదు, ఏ భాషలోనైనా ఇంతకన్నా బాగా పట్టుకున్న కథలు తక్కువ. కి.రా. ఆ తర్వాత యాభై ఏళ్లు బతికి, 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశారు. మిత్రుడి గురించి రాస్తూనే ఉన్నారు.

బోర్డు చీల్చిన బెంచీ

ఇడైసెవల్ రోజుల్లో బడి ఉందా లేదా అన్నదే తేడా. ఇప్పుడు ఏ బడి అన్నది తేడా. 2010 దాకా తమిళనాడులో స్టేట్, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ అని నాలుగు బోర్డులు, నాలుగు రకాల పుస్తకాలు ఉండేవి. 2010-11లో ఒకటికీ ఆరుకూ మొదలుపెట్టి, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మిగతా తరగతులకూ ఉమ్మడి సిలబస్ వచ్చింది. దానికి సమచ్చీర్ కల్వి అని పేరు, సమాన విద్య అన్నమాట. అప్పటి నుంచి ప్రభుత్వ బడి పిల్లా, మెట్రిక్ బడి పిల్లా ఒకే పుస్తకం చదువుతున్నారు. ఒకరి నోట్సు ఇంకొకరికి పనికొస్తుంది. స్నేహాల కోణంలో చూస్తే ఈ సంస్కరణకు రావలసినంత పేరు రాలేదు.

ఆ కలిపిన దారాన్ని మరో పక్క నుంచి పరీక్ష తెంపింది. 2017 నుంచి వైద్య సీట్లకు నీట్ తప్పనిసరి అయ్యాక, డబ్బున్న ఇళ్లు పిల్లల్ని సీబీఎస్ఈ బడులకు మార్చడం ఎక్కువైంది. 2020లో రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు వైద్య సీట్లలో 7.5 శాతం విడిగా పెట్టింది. న్యాయమైన ఏర్పాటే. పక్క పక్క ఇళ్లలో ఉండి డాక్టరు కావాలని ఒకే కల కన్న ఇద్దరు పిల్లలు ఇప్పుడు వేర్వేరు వరసల్లో నిలబడతారు. మార్కుల మాట వచ్చినప్పుడు ఇద్దరూ కాస్త జాగ్రత్తగా మాట్లాడుకుంటారు.

సైకిలు కూడా ఆ తేడాను చూపిస్తుంది. ప్లస్ వన్‌లో చేరిన ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు రాష్ట్రం ఉచితంగా సైకిలిస్తుంది. ప్రైవేటు బడి పిల్లకు అది రాదు, ఆమెకు స్కూలు వ్యానుంటుంది. వ్యాను తలుపు మూసుకుంటే దారిలో ఎక్కడా ఆగదు. సైకిలు ఆగుతుంది. అందుకే సాయంత్రం కలుసుకోవడంలో చొరవ ఎక్కువగా సైకిలున్న పిల్లదే అవుతుంది. బస్సు పాసు మీద ఇంటి స్టాపు, బడి స్టాపు రాసి ఉంటాయి, స్నేహితురాలి బడి దారి అందులో ఉండదు. ఇద్దరి దారులూ కలిసేది ట్యూషన్ దగ్గర. లెక్కల మాస్టారి ఇంటి మేడ మీద, రేకుల కప్పు కింద, రెండు రంగుల యూనిఫారాలు ఒక చాప మీద కూర్చుంటాయి. ట్యూషన్ ఫీజులో సగం పాఠానికి, సగం పక్కన కూర్చున్నందుకు అనుకుంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు గాని, పిల్లలు ఒప్పుకుంటారు. ఆడపిల్లలకైతే మరీను. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని ఇంట్లో అడిగే ప్రశ్నలకు ట్యూషన్ అన్న ఒక్క జవాబు సరిపోతుంది.

కాలం లెక్క వేస్తే కష్టం తేటతెల్లమవుతుంది. అమెరికాలో జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్తుడు దగ్గరి స్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. బడిలో రోజుకు ఆరు గంటలు, ఏడాదికి సుమారు 200 రోజులు అనుకుంటే 1,200 గంటలు. కొత్త బడిలో పక్క బెంచీ పిల్లకు రెండు నెలల్లో ఆ 200 గంటలు పూర్తవుతాయి. పాత స్నేహితురాలితో ఆదివారం రెండు గంటల చొప్పున కలిస్తే ఏడాదికి 104. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు ఒక విద్యార్థి నివాసంలో స్నేహాలను లెక్కపెట్టి, పక్క గుమ్మం వాళ్లే ఎక్కువగా స్నేహితులవుతారని తేల్చారు. వీధి అరుగులున్న ఊళ్లో ఈ మాట చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఇక్కడ పనికొచ్చే సంగతి ఇంకోటుంది. బడి మారినా గుమ్మం మారదు. పట్నాల్లో బడి కోసం ఇల్లు మారే కుటుంబాల పిల్లలకు లేని వెసులుబాటు పాత ఊళ్ల పిల్లలకుంది. 2020 మార్చిలో బడులన్నీ మూతపడ్డప్పుడు వేర్వేరు బడుల పిల్లలు నెలల తరబడి మళ్లీ ఒకే వీధిలో, పొద్దస్తమానం, పాఠాలు లేకుండా గడిపారు.

బ్రిటన్‌లో శామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ హైస్కూలు వదిలి కాలేజీలకు, ఉద్యోగాలకు చెల్లాచెదురైన ముప్ఫై మందిని పద్దెనిమిది నెలలు గమనించారు. దూరమైన స్నేహాలు ఆడపిల్లల్లో మాటల వల్ల, మగపిల్లల్లో కలిసి ఏదో ఒక పని చేయడం వల్ల నిలబడ్డాయని వాళ్లు రాశారు. మగపిల్లల మాటకొస్తే ఈ ఊళ్లలో ఆ పని క్రికెట్టు. ఆడపిల్లలకు మాటలు కావాలి. మాటలకు ఫోను కావాలి. ఆ ఫోను అమ్మది.

బడి, పడి

ఫోనులో రాయడం మొదలుపెట్టగానే పాత చిక్కు మళ్లీ ఎదురవుతుంది. తెలుగు అక్షరాలు రావు. ఇంటి మాటను తమిళ అక్షరాల్లో కొట్టాలి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. త, ద లకూ, ప, బ లకూ అంతే. పదం మధ్యలో ఏది పలకాలో చదివేవాడికి అలవాటు వల్ల తెలుస్తుంది గాని, పదం మొదట్లో తమిళుడు పరుషమే చదువుతాడు. అందుకని బడి, పడి ఒకేలా కనిపిస్తాయి. 'గాలి వచ్చింది' అని కొడితే 'కాలి వచ్చింది' అని చదువుకోవచ్చు, పైగా తమిళంలో కాలి అంటే ఖాళీ. 'బాగుండావా' అన్న పలకరింపు 'పాగుండావా' అయి నవ్వు పుట్టిస్తుంది.

ఈ చిక్కుకు తమిళ దేశంలోనే ఒక పాత విరుగుడుంది. కీర్తనల పుస్తకాలను తమిళ లిపిలో అచ్చువేసేటప్పుడు అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. క పక్కన 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. త్యాగరాజును తెలుగు లిపి రాని గాయకులు తరాలుగా అలాగే పాడుకున్నారు. పదిహేనేళ్ల పిల్లలు ఫోన్లో అంకెలేసుకుంటూ కూర్చోరు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. అందులో గ, క వేరుగా పలుకుతాయి గాని ల, ళ కలిసిపోతాయి. ఎక్కువమంది ఆ శ్రమ కూడా పడకుండా తమిళంలోకే జారుకుంటారు.

నిజం చెప్పాలంటే ఆ జారడం ఫోనుతో మొదలైంది కాదు. వీధిలో ఆడుకునేటప్పుడే చాలామంది పిల్లలు తమిళంలో కేకలేసుకుంటారు. తెలుగు నాయనమ్మ దగ్గర, అన్నం దగ్గర, తిట్టు దగ్గర మిగులుతుంది. వాళ్ల తెలుగులో బడి పళ్లికూటం, అక్కడ అన్నది ఆడ. తెలుగు సినిమాలోని తెలుగు వాళ్లకు సగమే తెలుస్తుంది, ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టం వాళ్ల మాట విని ముసిముసిగా నవ్వుతాడు. ఆ నవ్వు చూసిన పిల్లలు ఆ తర్వాత బయటివాళ్ల ముందు తెలుగు నోరు విప్పరు.

అయినా వేర్వేరు బడుల స్నేహితుల మధ్య ఈ నోటి తెలుగు కొన్నిచోట్ల మళ్లీ తల ఎత్తుతోంది. 2013లో వాట్సాప్ గొంతు రికార్డు చేసి పంపే వీలు తెచ్చింది. అక్షరం అక్కర్లేదు. బొటనవేలితో నొక్కిపట్టి చెప్పడమే. "ఏమే, యాడుండావు? బస్సు దిగినావా? మా మిస్సు ఈరోజు ఏం చేసిందో విను." పదకొండు సెకన్లు. పక్కన కూర్చున్న కొత్త బడి స్నేహితురాలికి ఇది అర్థం కాదు, అదే దాని సుఖం. ఇడైసెవల్ మిత్రులకు దూరం పెరగగానే ఇంటి భాష జారిపోయింది. ఇప్పటి పిల్లలకు దూరంలో కూడా ఇంటి గొంతు పంపుకునే దారి దొరికింది. రాత నేర్పని భాషకు ఈ గొంతు చీటీ పుట్టుకతోనే అమరిన పరికరంలా కుదిరింది. కాకపోతే ఉత్తరాలు పుస్తకమయ్యాయి, ఈ చీటీలు ఫోను నిండగానే చెరిగిపోతాయి.

ఒకే భాష, వేరే వీధి

తెలుగు మాట్లాడినంత మాత్రాన స్నేహాలు కలుస్తాయనుకుంటే పొరపాటు. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్ ప్రాంతాల అరుంధతీయుల్లో ఎన్నో ఇళ్లలో తెలుగే ఇంటి భాష. ఊళ్లు ఊడ్చే పని, తోలు పని వాళ్ల నెత్తిన పెట్టిన సమాజం వాళ్ల తెలుగును తెలుగుగా లెక్కపెట్టలేదు. నాయుళ్ల వీధి పిల్ల సీబీఎస్ఈ వ్యానెక్కే చోటే అరుంధతీయుల పిల్ల కార్పొరేషన్ బడికి నడిచిపోతుంది. ఇద్దరూ ఇంట్లో 'అన్నం తిందువు రా' అనే మాట వింటారు. ఇద్దరికీ పరిచయం కూడా ఉండకపోవచ్చు. వాళ్లు వేర్వేరు బడుల్లో పడటానికి ఐదో తరగతి దాకా ఆగక్కర్లేదు, వీధులే ముందు వేరు చేశాయి. 2009లో తమిళనాడు దళితుల కోటా లోపల అరుంధతీయులకు 3 శాతం విడిగా కేటాయిస్తూ చట్టం చేసింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని తేల్చింది. ఆ 3 శాతం కాలేజీ సీట్లలోనూ వర్తిస్తుంది కాబట్టి, వీధిలో పలకరించుకోని తెలుగు పిల్లలిద్దరు కాలేజీ బెంచీ మీద మొదటిసారి పక్కపక్కన కూర్చునే అవకాశం ఇప్పుడు కాస్త పెరిగింది. రైతు ఇంటి కి.రా.కూ కంసాలి ఇంటి అళగిరిసామికీ మధ్య ఉన్నదీ కులం గీతే, అయితే అది ఈ గీతంత లోతైంది కాదు.

చిత్తిరై దాకా

బడులు వేరైన స్నేహితులకు ఏడాదికో పంచాంగం ఉంది. సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలవ్వగానే వచ్చే సెలవులు ఆయుధపూజతో కలుస్తాయి. డిసెంబరులో హాఫ్ ఇయర్లీ సెలవులు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా. జనవరిలో పొంగల్. రాష్ట్ర సిలబస్ బడులకు ఈ తేదీలు దాదాపు ఒకటే. సీబీఎస్ఈ బడి పరీక్షలు ఒక వారం అటో ఇటో ఉంటాయి, ఆ వారం తేడాతో ఇద్దరి సెలవులూ తప్పిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలలు పబ్లిక్ పరీక్షలవి, అప్పుడు ఎవరూ ఎవరికీ దొరకరు. కోయంబత్తూరులో కోనియమ్మన్ తేరు మాసి నెలలో, సరిగ్గా ఈ పరీక్షల నెత్తిన వస్తుంది. తేరు చూడ్డానికి పోనివ్వడమా, చదివించడమా అన్నది ఏటా పదో తరగతి ఇళ్లలో నడిచే పంచాయితీ.

మదురై పిల్లల అదృష్టం వేరు. చిత్తిరై ఉత్సవం ఎండలు ముదిరాక, పరీక్షలు ముగిశాక వస్తుంది. మీనాక్షి కల్యాణమయ్యాక, పున్నమి నాటి ఉదయం అళగర్ కొండ మీద నుంచి దిగివచ్చిన పెరుమాళ్లు బంగారు గుర్రం మీద వైగైలో దిగుతాడు. ఒకప్పుడు వేర్వేరు నెలల్లో జరిగే ఈ రెండు ఉత్సవాలనూ ఒకచోట చేర్చింది తిరుమల నాయకుడేనని చెబుతారు. ఆ రోజు ఒకే బడి వాళ్లు, వేరే బడి వాళ్లు అన్న భేదం ఉండదు, యూనిఫారాలే ఉండవు. తెల్లవారకముందే ఏటి గట్టు మీద జాగా పట్టడానికి ఎవరు ముందు పోవాలన్నది ముందు రాత్రి గొంతు చీటీల్లో తేలుతుంది. జనం తోపులాటలో ఫోను మోగినా వినిపించదు కాబట్టి, ఏ వంతెన పక్కన, ఏ చలివేంద్రం ముందు నిలబడాలో ముందే చెప్పుకుంటారు.

మే నెలలో ప్లస్ టూ ఫలితాలు వస్తాయి. తమిళనాడు ఇంజినీరింగ్ సీట్లకు ప్రవేశ పరీక్ష ఎత్తేసి చాలా ఏళ్లయింది. అన్ని బోర్డుల పిల్లల మార్కులూ ఒకే ర్యాంకు జాబితాలో పెట్టి, ఒకే కౌన్సెలింగ్ నడుపుతారు. ఏళ్ల తరబడి వేర్వేరు బడుల్లో చదివిన ఇద్దరి పేర్లు అక్కడ మళ్లీ ఒక కాగితం మీదికి వస్తాయి. ఆప్షన్లు పెట్టుకునే రాత్రి ఇద్దరూ ఒక ఇంట్లో, ఒక కంప్యూటర్ ముందు కూర్చుంటారు. కాలేజీల వరస ఇద్దరూ ఒకేలా పెడతారు, మొదటి మూడు పేర్ల దగ్గర మాత్రం కాసేపు తగువాడుకుంటారు.